విరమణ తరువాత సహవాసం

వృద్ధాప్యం అనాదిగా ఉన్నదే. పదవీ విరమణ మాత్రం ఆధునిక కాలం కల్పించిన అవస్థ. మన ఆశ్రమ ధర్మాలలో మూడవదైన వానప్రస్థం దీనిని కొంత పోలినట్లు కనిపించినా, రెండింటికీ మౌలికమైన భేదం ఉన్నది. వానప్రస్థుడు మనుమని ముఖం చూసిన తరువాత తన ఇచ్ఛతో సంసారభారాన్ని దించుకొని వెళ్లేవాడు. నేటి ఉద్యోగి సర్వీసు రిజిస్టరులోని పుట్టిన తేదీని అనుసరించి ఒకానొక నెల చివరి దినాన పూలదండతో ఇల్లు చేరుతాడు. అక్కడ మనిషి సమాజాన్ని విడిచి వెళ్లాడు. ఇక్కడ సమాజమే మనిషిని విడిచి ముందుకు సాగిపోతుంది. జీతానికి బదులుగా పింఛను వస్తుంది. దినదినమూ పలకరించే మనుషులకు బదులుగా ఏమి వస్తుంది? మలివయసులో సాంగత్యం అనేది గతంలో నిర్వహించిన పదవికి దక్కే మర్యాదా, లేక మనిషి అయినందుకే అతనికి చెందవలసిన హక్కా అన్న నైతిక ప్రశ్న ఇక్కడ పుడుతుంది.

ఈ ప్రశ్నను విచారించడానికి కోల్‌కతా వంటి తగిన నగరం అరుదు. 2001 జనగణనలో 45.73 లక్షలుగా ఉన్న నగర జనాభా 2011 నాటికి 44.97 లక్షలకు తగ్గింది. కొందరు శివార్లకు తరలిపోయారు. చదువుల కోసం, ఉద్యోగాల కోసం యువతరం బెంగుళూరు, హైదరాబాదు నగరాలకు, విదేశాలకు వెళ్లింది. ఒకప్పుడు ఉమ్మడి కుటుంబాలతో కళకళలాడిన ఇళ్లలో ఇద్దరు వృద్ధులు, కొన్నిచోట్ల ఒక్కరే మిగిలారు. విశేషమేమంటే, మనుషులు ఊరికే కూడి మాట్లాడుకోవడాన్ని ఒక సంస్కారంగా పెంచి పోషించినది కూడా ఈ నగరమే. దానికి వారు పెట్టుకున్న పేరు 'అడ్డా'.

ఈ మాట మనకూ ఉన్నది. కాని తెలుగునాట అడ్డా అంటే కూలీలు తెల్లవారకముందే వచ్చి పని కోసం ఎదురుచూసే కూడలి. ఆటోలు నిలిచే చోటు. అక్కడ నిలిచినవాని విలువ, ఎవరైనా వచ్చి పనికి పిలవడం మీద ఆధారపడి ఉంటుంది. బెంగాలీ అడ్డాలో పిలిచేవారూ లేరు, పిలుపు కోసం చూసేవారూ లేరు. దానికి అధ్యక్షుడు లేడు, కార్యక్రమ పట్టిక లేదు, తీర్మానాలు లేవు. సత్యజిత్ రాయ్ తన చివరి చిత్రం 'ఆగంతుక్' (1991)లో ఈ అడ్డాను ప్రాచీన గ్రీకుల గోష్ఠులతో పోల్చి చర్చింపజేశారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ మనిషి మన అర్థంలోని అడ్డాలో నిలబడి ఉంటాడు. విరమణ తరువాత అతనికి కావలసినది బెంగాలీ అర్థంలోని అడ్డా. ఒకదాని నుంచి మరొకదానికి మారడమే చాలామందికి దుస్సాధ్యమవుతున్నది.

అడ్డాకు చోటు కావాలి. ఉత్తర కలకత్తాలోని పాత ఇళ్ల ముందు వీధిని ఆనుకొని ఉండే సిమెంటు తిన్నెను 'రోయాక్' అని, వాడుకలో 'రక్' అని అంటారు. మన పల్లెటూరి ఇంటి అరుగుకు అది తోబుట్టువు. ఇల్లు యజమానిదే అయినా అరుగు అందరిది. కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పాత ఇళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టినప్పుడు అక్కడ రోయాక్, ఇక్కడ అరుగు మొదట మాయమయ్యాయి. గేటు వచ్చింది, కాపలాదారు వచ్చాడు, పుస్తకంలో పేరు రాసి లోపలికి వెళ్లే పద్ధతి వచ్చింది. అరుగు పోయిన తరువాతనే సంఘం అవసరమైంది. అడగకుండా దొరికిన సహవాసాన్ని ఇప్పుడు సభ్యత్వం కట్టి పొందవలసి వస్తున్నది.

ఇది ఒక్క కోల్‌కతా కథ కాదు. అమెరికాలో 1943లో న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో విలియం హాడ్సన్ పేరిట తొలి వయోవృద్ధుల కేంద్రం వెలిసింది. ఇంగ్లండులో 1960ల మధ్యకాలంలో రోటరీ సభ్యుల చొరవతో 'ప్రోబస్' క్లబ్బులు ఆరంభమై ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వంటి దేశాలకు విస్తరించాయి. వృత్తి నిపుణులు, వ్యాపారులు అన్న రెండు ఆంగ్ల పదాల తొలి అక్షరాల కలయిక ఆ పేరు. అంటే మనిషి మానివేసిన పనే అక్కడ అతనికి ప్రవేశపత్రం. 1973లో ఫ్రాన్సులోని తులూజ్‌లో 'మూడవ వయసు విశ్వవిద్యాలయం' పుట్టింది. 1980ల ఆరంభంలో బ్రిటన్ చేరిన తరువాత అది మరో రూపం దాల్చింది: సభ్యులే ఒకరికొకరు గురువులు, ఒకరికొకరు శిష్యులు. ఆస్ట్రేలియాలో 1990లలో మొదలైన పురుషుల షెడ్లలో విశ్రాంత కార్మికులు పక్కపక్కన నిలిచి వడ్రంగం చేస్తూ మాటలు కలుపుతారు. మన ముంబయిలో 1995లో డాక్టర్ మదన్ కటారియా ఒక పార్కులో ఐదుగురితో ఆరంభించిన నవ్వుల క్లబ్బు అనేక దేశాలకు పాకింది.

ఈ సంస్థలను పరిశీలిస్తే రెండు తోవలు కనిపిస్తాయి. ఒకటి, మనిషి ఏమై ఉండేవాడో దానిని ఆధారం చేసుకొని కూడడం. రెండవది, మనిషి ఇప్పుడు ఏమి ఇవ్వగలడో, ఏమి నేర్చుకోగలడో దానిని ఆధారం చేసుకొని కూడడం. మొదటి తోవలో ఊరట ఉన్నదే గాని ప్రమాదమూ ఉన్నది. 'మాజీ' అన్న విశేషణం పేరుకు ముందు నిలిచినంత కాలం కార్యాలయంలోని హెచ్చుతగ్గులు క్లబ్బు కుర్చీలలోకి కూడా వచ్చి కూర్చుంటాయి. చీఫ్ ఇంజనీరుగా విరమించినవారు మాట్లాడుతుంటే గుమాస్తాగా విరమించినవారు ఇంకా లేచి నిలబడుతున్నారంటే, అక్కడ విరమణ ఇంకా జరగలేదనే చెప్పాలి.

ఒకే వయసువారు వేరుగా కూడటం మంచిదేనా అన్నది మరొక ప్రశ్న. తమ కాలపు జ్ఞాపకాలను, మోకాళ్ల నొప్పులను వివరించనవసరం లేకుండానే అర్థం చేసుకునే తోటివారు ఉండటం చిన్న భాగ్యమేమీ కాదు. అయితే క్రీస్తుపూర్వం 44లో రోమన్ తత్త్వవేత్త సిసెరో రచించిన వృద్ధాప్య సంవాదంలో, ఎనభై దాటిన కేటో తనకు విందులోని పదార్థాల కంటే సంభాషణే ప్రియమంటూ, ఆ సంభాషణ కొద్దిమందిగా మిగిలిన సమవయస్కులతోనే గాక యువకులతో కూడా జరగాలని కోరుతాడు. ఆయన మాటలు వింటున్నది ఇద్దరు యువకులే. కాలేజ్ స్ట్రీట్‌లోని ఆల్బర్ట్ హాలులో 1942లో ఆరంభమై, 1958 నుంచి కార్మికుల సహకార సంఘం నిర్వహిస్తున్న కాఫీ హౌస్‌లో నెరసిన తలలు, కళాశాల విద్యార్థులు పక్కపక్క బల్లల వద్ద కనిపించడంలోని సొగసు కూడా ఇదే. వృద్ధులకంటూ కట్టిన గది ఎంత అందమైనదైనా, దానికి వీధివైపు ఒక తలుపు తెరిచి ఉండాలి.

ఇంతకన్నా గంభీరమైన విషయం మరొకటి ఉన్నది: విరమణ అనేది అసలు ఎవరికి లభిస్తున్నది? రోయాక్ మీది అడ్డా ప్రధానంగా పురుషులదే. వారికి టీ కాచి పంపిన గృహిణికి విరమణ వయసును ఏ నియమావళీ నిర్ణయించలేదు. హుగ్లీ తీరంలోని జూట్ మిల్లులకు ఒకనాడు శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల నుంచి తరలివెళ్లిన తెలుగు కార్మికులు ఉన్నారు; బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలు ఉన్నాయి. రైల్వే ఉద్యోగికి పింఛను, ఇన్‌స్టిట్యూటు, తోటి ఉద్యోగులు ఉండవచ్చు. మిల్లు మూతపడి పని పోయిన కార్మికుడు ఏ తేదీన విరమించినట్లు? పుట్టిన ఊరిలో పరిచయాలు చెదిరి, పని చేసిన ఊరిలో పరాయి భాషవాడిగానే మిగిలిన వృద్ధునికి మాతృభాషలో పలకరింపు అన్నంతటి అవసరం. రుసుము చెల్లించగలవారికే సహవాసం అంటే అది వినోదం మాత్రమే అవుతుంది.

ప్రభుత్వాలు చేయగలిగినది లేకపోలేదు. 1999లో భారత ప్రభుత్వం వయోవృద్ధుల జాతీయ విధానాన్ని ప్రకటించింది. 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. కోల్‌కతా పోలీసులు ఒక స్వచ్ఛంద సంస్థతో కలిసి ఒంటరి వృద్ధుల కోసం 'ప్రణామ్' అనే కార్యక్రమాన్ని చేపట్టారు. భోజనం పెట్టమని చట్టం ఆదేశించగలదు; తలుపు తట్టి క్షేమం అడగమని పోలీసును పంపగలదు. స్నేహంగా ఉండమని ఆదేశించడం మాత్రం ఏ చట్టానికీ సాధ్యం కాదు. ఆ భాగం పౌరులకే మిగిలి ఉన్నది.

కనుక ఏ వృద్ధుల సంఘాన్నైనా సభ్యుల సంఖ్యతోనో, భవనంతోనో, వార్షికోత్సవంతోనో కొలవనవసరం లేదు. ఒక సభ్యుడు రెండు రోజులు రాకపోతే మూడవ రోజున ఎవరు అతని ఇంటికి వెళ్లారు అన్నదే సరైన కొలత. తెల్లవారుజామున రవీంద్ర సరోవర్ గట్టున నడిచి, బెంచీ మీద చేరే బృందానికి పేరు లేకపోవచ్చు, రిజిస్ట్రేషను లేకపోవచ్చు. ఒక చోటు ఖాళీగా ఉంటే వారు గమనిస్తారు. హోదా పోయిన తరువాత కూడా తాను రాకపోతే వెలితి పడే చోటు ఒకటి ఉన్నదన్న భరోసా మనిషికి గౌరవం. అటువంటి చోటును గుమాస్తాకు, గృహిణికి, మిల్లు కార్మికునికి కూడా సమకూర్చినప్పుడే, సాంగత్యం పదవికి దక్కే మర్యాద కాదు, మనిషికి చెందవలసిన హక్కు అని మనం చెప్పగలుగుతాము.