అయిపోయిన సెల్లు ఎవరిది?

చిన్నప్పుడు టార్చిలైటు సెల్లు పగలగొట్టి, ఆ నల్లపొడితో పలకలకు నలుపు పూసుకున్నవాళ్ళం మేము. అందులో మాంగనీసు డయాక్సైడు ఉంటుందని టీచర్ ట్రైనింగులోగానీ తెలియలేదు. ఇప్పుడు మా శావల్యాపురం పిల్లలు రిమోటు సెల్లును పంటితో కొరికి చూస్తారు. అప్పటికీ పనిచేయకపోతే కాలువలోకి విసిరేస్తారు. అయిపోయింది కదా, ఇక మనది కాదు!

మరి ఎవరిది? తయారీదారే వెనక్కి తీసుకోవాలని, వాడినవాళ్ళు చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలని 2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. ఏ కంపెనీ అయినా మన తండాకో, ఎరుకలవాడకో, యానాదుల కాలనీకో వచ్చి పాత సెల్లు అడిగిందా? చెత్తకుప్పల్లో ఇనుమూ ప్లాస్టిక్కూ ఏరుకునే చేతులు మాత్రం చాలాచోట్ల మనవాళ్ళవే. మనం పారేసిన సెల్లు మనలోనే ఒకరి చేతికి చేరుతుంది. వాళ్ళ వెంట పసిపిల్లలుంటారు. బొమ్మల్లోని బిళ్ళ సెల్లు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు.

బడిలో మూతున్న ప్లాస్టిక్ డబ్బా పెట్టాం. బిళ్ళ సెల్లు ఒకదానికొకటి తగిలి వేడెక్కకుండా టేపు చుట్టి వేయిస్తున్నాం. డబ్బా నిండాక, సెల్లు అమ్మిన కొట్టుకే పట్టుకెళ్ళాం. కొట్టాయన నవ్వి, ఇవి నేనేం చేసుకోను మాస్టారూ అన్నాడు. డబ్బా వెనక్కి తెచ్చాం. వచ్చే నెల మళ్ళీ వెళ్తాం.