పరదేశి హక్కు

వలస వచ్చినవారిని దేశంలోకి ఆహ్వానించడం ఆతిథేయుల దయకు సంబంధించిన విషయమా, లేక వచ్చినవారికి న్యాయంగా చెందవలసిన హక్కా అన్న ప్రశ్నకు యూదుల ధర్మశాస్త్రం ఇచ్చిన సమాధానం నేటికీ శ్రద్ధగా చదవదగినది. పంట కోసేటప్పుడు పొలం అంచులను కోయకుండా విడిచిపెట్టాలనీ, పరిగెను, అంటే కోతలో నేలరాలిన వెన్నులను, యజమాని తిరిగి ఏరుకోకుండా పేదలకూ పరదేశులకూ వదలాలనీ లేవీయకాండము 19వ అధ్యాయం ఆదేశిస్తుంది. మోయాబు నుంచి బేత్లెహేముకు వచ్చిన వితంతువు రూతు, బోయజు అనే ఆసామి పొలంలో పగలంతా పరిగె ఏరుకుని, సాయంత్రం ఆ యవలను దుళ్లగొట్టి అత్తగారికి తెచ్చిపెట్టింది. ఆమె తిన్నది తన కష్టార్జితమే. ఆ పరదేశి స్త్రీ వంశంలోనే దావీదు రాజు పుట్టాడని రూతు గ్రంథం చెప్పడం చిన్న విషయం కాదు.

ఇశ్రాయేలీయులు తామూ ఒకప్పుడు ఐగుప్తులో పరదేశులమేనన్న జ్ఞాపకం ఈ శాసనానికి ఆధారం కాగా, జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1795లో శాశ్వత శాంతిపై రాసిన గ్రంథంలో భూమి ఉపరితలం మనుషులందరి ఉమ్మడి సొత్తన్న భావనను ఆధారం చేసుకున్నాడు. అయితే ఆయన అంగీకరించింది సందర్శన హక్కును మాత్రమే, స్థిరనివాసపు హక్కును కాదు. వెనక్కి పంపితే ప్రాణాపాయం కలిగేవారిని మాత్రం పంపరాదన్నాడు. ఆ పరిమితిని దాటి, 1987లో జోసెఫ్ కారెన్స్ అనే రాజనీతి తత్త్వవేత్త సంపన్న దేశాల పౌరసత్వాన్ని జన్మతో సంక్రమించే భూస్వామ్య హోదాతో పోల్చాడు. ఏ బిడ్డా తాను పుట్టే దేశాన్ని ఎంచుకోదు గనుక, ఈ వాదాన్ని తోసిపుచ్చడం కష్టం. స్థానికుల వేతనాలపైనా, వసతులపైనా పడే భారం గురించిన ఆందోళన నిజమైనదే అయినా, అది ప్రవేశాన్ని క్రమబద్ధం చేయడానికి కారణమవుతుందే తప్ప తలుపులు మూసివేయడానికి కాదు.