దయ యెవరికొఱకు?

మైపాడు తీరమున మా యింటి కుక్కకు ఒక కన్ను ఉబ్బి యెఱ్ఱబడెను. వైద్యుడు దానిని నీటికాసులనెను. కంటిలో ఊరు నీరు వెలికిపోవు దారి మూసికొనిపోగా లోని యొత్తిడి పెరిగి దృష్టినాడి చెడును. ఆరోగ్యమున్న కుక్కకంటిలో ఆ యొత్తిడి సాధారణముగా 25 మిల్లీమీటర్ల పాదరసమునకు మించదు. 40 దాటెనా, కొలది దినములలోనే చూపు నశింపవచ్చును. చూపింకను మిగిలియున్నచో నీరూరు భాగమును లేసరుచే కాల్చుటయో, నీరు వెడలుటకు సన్నని గొట్టము నమర్చుటయో కలదు. చూపు పోయిన పిమ్మట మిగులునది నొప్పియే. కనుగ్రుడ్డును తీసివేసినచో అది సమూలముగా పోవును.

మా కుక్కకు చూపు పోయినది. శస్త్రమనగానే ఇంటివారు "ఒంటికంటి ముఖము నెట్లు చూతుము?" అనిరి. చూడలేనివారెవరు? కుక్క యద్దము చూచుకొనదు. నొప్పియని చెప్పుటకు దానికి మాట లేదు. మూల నొదిగి కూడు మానుటయే దాని మొఱ. మనము దయ యనుకొనునది పెక్కుమారులు మన కన్నుల సౌఖ్యమే. భారతమున ధర్మరాజు కుక్కను విడువననుట దాని యందము చూచి కాదు, అది తన్ను నమ్మివచ్చినదని.

శస్త్రమునకు సమ్మతించితిమి. కొలది దినములకే అది మరల కూడు ముట్టెను. దాని ముఖము చూచుట నేర్చుకొనుటకు మాకే మఱికొంత కాలము పట్టెను.