రెండు మట్టిరంగులు



క్రిస్మసు పండుగకు ముందు మా ప్రార్థన గదికి రంగు వేయ నిశ్చయించుకొంటిమి. సున్నములో రెండు మట్టిరంగులు కలిపి గోడమీద చెరొక జానెడు పూసి చూచితిమి. ఒకటి పండిన కొఱ్ఱకంకి వన్నె. రెండవది దానికంటె కొంచెము ఎఱ్ఱనై మా చేల మన్నువలె నుండెను. సాయంకాలము దీపపు వెలుగున ఏది యేదో మాకే తెలియలేదు. అయినను పెద్దలు రెండు పక్షములైరి. రెండు దినములు పని నిలిచిపోయెను.

వింత యేమనగా, ఈ రెండును ఒక తల్లి బిడ్డలే. బేతంచెర్ల ప్రాంతమున త్రవ్వెడి పసుపు మట్టికి ఆ వన్నె నిచ్చునది నీటితో కూడిన ఇనుపతుప్పు. ఆ మట్టిని కాల్చినయెడల నీరు విడిపోయి అదే ఎఱ్ఱనగును. భేదమంతయు కొంచెము నీరే! ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన చూచు అనంతపురమువారికి నీటి విలువ తెలియును. అయినను ఇంత కొద్ది భేదమునకు సహోదరునితో మాట మానుట తగునా?

ఇష్టమే యుండరాదని మేము చెప్పుటలేదు. కన్ను ఒక వన్నెను కోరుట పాపము కాదు. రోమా పత్రిక 14వ అధ్యాయములో పౌలు భోజనమును గూర్చియు దినములను గూర్చియు ఎవరి నిశ్చయము వారికి విడిచెను. సహోదరునికి తీర్పు తీర్చుటను మాత్రము వారించెను. మన యిష్టమునకు మనస్సాక్షి యని పేరు పెట్టినప్పుడే కీడు మొదలగును.

మూడవ దినమున సున్నము కొట్టు పెద్దమ్మ వచ్చి, "ఏ రంగైతే ఏముంది అయ్యగారూ? రెండు దినాలాయె, కుంచె పట్టుకొని కూర్చున్నాము. కూలి లేకుంటే మా పొయ్యి మండేదెట్ల?" అనెను. మాకు యిర్మీయా 22వ అధ్యాయము జ్ఞప్తికి వచ్చి సిగ్గుపడితిమి. యెహోయాకీము తన మేడకు ఇంగిలీకము పూయించెను. ప్రవక్త మొదట పట్టుకొన్న నేరము ఆ యెఱుపు కాదు, పనివానికి జీతమియ్యకపోవుట. మేము రంగును గూర్చి వాదించుచు, కూలిని మరచితిమి.

నిలిచిన రెండు దినముల కూలియు చెల్లించితిమి. అప్పటికే తొట్టిలో కలిపియున్న రంగునే వేయించితిమి. అది యేదో ఇచ్చట వ్రాయము. వ్రాసినయెడల మరల రెండు పక్షములగుదురు!

ప్రియులారా, రెండును మంచివైనప్పుడు త్వరగా ఒకటి చేపట్టి, ఓడినవాని చేయి పట్టుకొనుడి. న్యాయాన్యాయముల మధ్యనైతే ఒక్క అడుగైనను తొలగకుడి. ఏది యెట్టిదో యెరుగు వివేకమును ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమేన్.