బిడ్డ చదువు, పరభాష

జర్మనీలోని బవేరియా రాష్ట్రమున నాలుగవ తరగతి చదువు బాలునికి జర్మను, గణితము, పరిసర పాఠము అను మూఁటి సగటు 2.33 దాటినచో (అచ్చట 1 యే ఉత్తమము), విశ్వవిద్యాలయమునకు దారితీయు గిమ్నాజియమున సాధారణముగా నేరుగాఁ జోటు దొరకదు. ఎనిమిదవయేట అచ్చటికిఁ జేరిన తెలుగు బిడ్డకు గడువు రెండేండ్లే. ఆటస్థలపు భాష అంతలో వచ్చును. పాఠములు గ్రహించు భాషకు అయిదు మొదలు ఏడేండ్లు పట్టునని జిమ్ కమిన్స్ 1981లో చూపెను. ఆ మార్కు చూచి బిడ్డను మందమతి యని కసరుట ఏపాటి న్యాయము?

ఇంటిపాఠమును తామే వ్రాసి యిచ్చు తండ్రులను మేమెఱుఁగుదుము. వారిది ప్రేమయే, కాని పరీక్షలో బిడ్డ ప్రక్కను గూర్చుండఁజాలరు గదా! ఇంట తెలుగు మానుఁడని చెప్పువారును గలరు, మే మంగీకరింపము. తమకు జర్మను రాదని దాఁపక, "నాయనా, నేఁడు చదివినది మాకుఁ దెలుగునఁ జెప్పుము" అని తల్లిదండ్రులు అడిగి విందురు గాక. వాఁడు ఆగినచోట మాట దొరకక యాగెనో, భావమే యందక యాగెనో అప్పుడు తేలును.