బాలుని చేతిలోని ఆయుధం

సిద్ధగోరాలోని మా యింట ఒక సాయంకాలం మా అబ్బాయికి పల్నాటి బాలచంద్రుని కథ చెబుతున్నాను. బొంగరమాడుకొంటున్న బాలుడు ఒక స్త్రీ ఎత్తిపొడుపు మాటతో యుద్ధవార్త తెలుసుకొని రణభూమికి కదలిన ఘట్టమది. “వాళ్ళ పెద్దవాళ్ళు ఎందుకు పోనిచ్చారు నాన్నా?” అని వాడు అడిగాడు. చరిత్ర చదువుకొన్న నాకు వెంటనే సమాధానం తోచలేదు.

కారెంపూడిలో ఏటా కార్తీకమాసాన పల్నాటి వీరులను ఆరాధిస్తారు. భారతంలో పదునారేండ్ల అభిమన్యుని మరణానికి మనం కన్నీరు పెడతాము. అయితే ఈ కీర్తనలో పెద్దలకొక సౌకర్యం దాగి ఉన్నది. బాలుని వీరుడని కొనియాడిన క్షణాన, వెలుపలికి వచ్చే దారి తెలియని వానిని వ్యూహంలోకి పంపినవారి బాధ్యత మరుగున పడుతుంది.

ఈ ప్రశ్న పురాగాథలకే పరిమితం కాదు. మేము నివసించే జార్ఖండ్ రాష్ట్రంలోనే మావోయిస్టు దళాలు పిల్లలను ‘బాల దస్తా’లలో చేర్చుకొన్న విషయాన్ని 2010 తరువాతి దశాబ్దంలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నివేదికలు ప్రస్తావించాయి. వార్తలు మోయడంతో, కాపలాతో మొదలైన పని ఆయుధం వరకు సాగుతుంది. ప్రభుత్వాలకూ ఇందులో పాఠమున్నది. ఛత్తీస్‌గఢ్‌లో అంతంతమాత్రం చదువుకొన్న గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

“పిల్లలు ఇష్టపడే వెళ్ళారు” అనేవారున్నారు. ఆకలి, భయం, మూతబడిన బడి, ఈ మూడింటి నడుమ పలికిన సమ్మతిని సమ్మతి అనగలమా?

2015 నాటి బాలల న్యాయచట్టం సాయుధ సంఘర్షణకు గురైన బాలుని సంరక్షణ అవసరమైనవానిగా పరిగణిస్తుంది. సాయుధ ముఠాలలో బాలలను చేర్చుకొన్నవారికి ఏడేండ్ల వరకు కఠిన కారాగార శిక్ష విధించింది. అదే చట్టం పదహారేండ్లు నిండినవాడు ఘోరనేరం చేస్తే, ప్రాథమిక పరిశీలన అనంతరం పెద్దవానివలె విచారించడానికి వీలు కల్పించింది. ఒకే బాలునిపై ఇవి రెండు చూపులు. ఏ చూపుతో చూడాలన్నది చివరకు అధికారి అంతరాత్మకు మిగిలిన ప్రశ్న.

ఉగాండాలో డొమినిక్ ఆంగ్వెన్ బడికి పోతూ అపహరణకు గురై, ఆ సైన్యంలోనే నాయకుడయ్యాడు. పెద్దయ్యాక చేసిన ఘోరాలకు 2021లో అంతర్జాతీయ నేరన్యాయస్థానం అతనికి ఇరవై అయిదేండ్ల శిక్ష వేసింది. దోపిడీకి గురైన బాల్యం నేరాన్ని చెరపలేదు. అయినా న్యాయమూర్తులు దానిని లెక్కలోనికి తీసుకొని యావజ్జీవ శిక్ష విధించలేదు. అతని చేతిలో ప్రాణాలు కోల్పోయినవారి కుటుంబాల దుఃఖాన్ని మరచిన కరుణ కరుణ కాదు.

కనుక తిరిగివచ్చిన బాలుని ముందు మన తొలి ప్రశ్న “నీవేమి చేశావు?” అన్నది కారాదు. “నీ చేతికి ఆయుధమిచ్చిందెవరు?” అన్నది కావాలి. తరువాత, జరిగినదానిని తానే చెప్పుకొనగలిగేంత వరకు వానికి బడి, ఇల్లు, కాలం ఇవ్వాలి.

మా అబ్బాయికి ఆ రాత్రి చెప్పిన సమాధానం చిన్నది. “పోనివ్వకుండా ఉండవలసింది, నాయనా.”