రాతిమీది పేరు, పట్టామీది పేరు

మేలు చేసినోని సమాధికి దండం పెట్టాల్సిందేనా? ఆ మేలు మన గేరి దాకా రాకున్నా పెట్టాలా?

మాది పెనుకొండ దగ్గర పల్లె. హిందూపురం హాస్టల్లో, ధర్మవరం మగ్గాల కాడ, యాడికి పోయినా మన్రో దొర కథే చెప్పేవాళ్లు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి అప్పగించినాడు. 1807 దాకా థామస్ మన్రో దత్తమండలాల కలెక్టరు. పాలెగాళ్లను అణిచినాడు, చేను చేనూ కొలిపించినాడు, రైతువారీ పెట్టినాడు. మద్రాసు గవర్నరుగా ఉండి 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చచ్చిపోయినాడు. గుత్తి కోట కింద పూడ్చినారు. 1831లో అస్థికలు తీసుకపోయి మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో పెట్టినారు. గుత్తిలో సత్రం, పత్తికొండలో బావీ తోపూ, మద్రాసులో 1839లో గుర్రం మీద విగ్రహం. జనం పిల్లోళ్లకు మన్రోలప్ప అని పేరు గూడా పెట్టుకున్నారు.

"మనోళ్లలో ఎవరికన్నా ఆ పేరుందా జేజీ?" అని అడిగినా.

"మన పేర్లు మనం పెట్టుకుంటిమా నాయినా? రెడ్డి పిలిచిందే పేరు" అనింది.

కొలిచిన చేనికి పట్టా రాసినారు. అదీ ఒక స్మారకమే. రాతిమీద దొర పేరు, పట్టామీద పెద్దకులాల పేరు. మా వాడలకు ఎక్కువ చోట్ల దక్కింది వెట్టిచాకిరీకి ఇచ్చిన ఇనాం చెక్క, లేదంటే జీతగాడి బతుకు. 1876-78 కరువులో కూలినాలి జనమే ముందు రాలిపోయినారు. రిలీఫ్ పనిలో మనిషికి దినానికి పౌను ధాన్యం, ఇంత చిల్లర చాలని 1877లో రిచర్డ్ టెంపుల్ లెక్క గట్టినాడు. ఆ శవాల మీద ఏ చర్చీ పలక వేయలేదు.

కొందరు మిత్రులు ఆ రాళ్లు పగలగొట్టమంటారు. ఇంకొందరు, తెల్లోళ్లు రాకుంటే మీకు చదువెక్కడిది, దండం పెట్టండంటారు. నాకు రెండూ సరిపడవు. లండన్ మిషన్ బడి మా తాతకు అక్షరమిచ్చింది. బాప్తిస్మం రిజిస్టర్లో ఆయన పేరు 'గాడు' లేకుండా రాసినారు. ఆ మేలు మరువను. కానీ అక్షరమిచ్చిన చేయి వేరు, పట్టా రాసిన చేయి వేరు. రెండూ తెల్లచేతులే కదా అని ఒకదాని మేలును ఇంకోదాని బాకీకి చెల్లేయడం కుదరదు.

ఆ రిజిస్టరే తర్వాత మా మెడకు చుట్టుకుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవుడు ఎస్సీ కాకుండా పోయినాడు. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచినారు. మాకు బీసీ-సి, ఒక్క శాతం. దేవుడు మారితే గేరి మారిందా? ఊరు మమ్మల్ని పిలిచే పిలుపు మారిందా?

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఆ రాళ్లను ఉండనీండి. అవి సాక్ష్యం. ఎవరి పేరుందో, ఎవరి పేరు లేదో చదవండి. కృతజ్ఞత అడిగేవాళ్ల ముందర మన లెక్క పెట్టండి. చేనికి పట్టా, శ్మశానానికి దావ అడగండి. గుత్తిలో దొర అస్థికలు లేకున్నా సమాధి నిలబడే ఉంది. మా తాత ఎముకలున్న చోటికి సర్వే నంబరు గూడా లేదు.